చరిత్ర మాస్టారికి ఉత్తరాలు: స్పెయిన్ సొమ్ము ఎవరి పాలైంది?

పోయిన నెల దక్షిణ అమెరికాలో స్పెయిన్ తవ్వించిన పొటోసీ వెండి గనుల గురించి నేను రాసిన రెండు పేజీలకు ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. చాలామంది మెచ్చుకున్నారు, ఒకాయన బాగా తిట్టారు. ఆయన ఉత్తరం కూడా వేస్తున్నాను. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒక్కరి మాటల్లోనే ఇచ్చాను, మిగతావాళ్లు అలగొద్దు.

మాస్టారూ, స్పెయిన్ సేనాని పిజారో వెంట పెరూకి వచ్చింది 168 మందేనని మా పుస్తకంలో ఉంది. అంతమందితో అక్కడి ఇంకాల సామ్రాజ్యం కూలిపోవడం నమ్మేలా లేదు. తుపాకుల వల్లా, గుర్రాల వల్లా? (డిగ్రీ విద్యార్థిని)

అంకె నిజమేనమ్మా. ఆ అంకె దగ్గరే కథ ఆపేస్తే మాత్రం అబద్ధమవుతుంది. 1532 నవంబరు 16న కహమార్కా చౌకులో ఇంకా చక్రవర్తి అతహువాల్పాను పట్టుకున్నది ఆ 168 మందే. పట్టుబడేనాటికి ఆయన అన్న హువాస్కర్‌తో అంతర్యుద్ధం చేసి గెలిచాడే గాని, రాజధాని కుస్కోలో అడుగైనా పెట్టలేదు. తండ్రి హువాయ్నా కపాక్ కొన్నేళ్ల ముందే అంటురోగంతో పోయాడు. మశూచి అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే స్పెయిన్ వాళ్లు మెట్లెక్కేసరికే ఆ ఇల్లు నిట్టనిలువునా చీలి ఉంది.

ఆ తర్వాత జరిగింది పుస్తకాల్లో ఒక్క వాక్యంతో అయిపోతుంది. అతహువాల్పా తన విడుదల కోసం చేయి పైకెత్తితే అందేంత ఎత్తున ఒక గది నిండా బంగారం, రెండుసార్లు వెండి ఇస్తానన్నాడు. ఇచ్చాడు. అయినా 1533 జూలైలో గొంతు నులిమి చంపేశారు. బంగారం కరిగి కడ్డీలవుతుండగా ఇంకాల కింద నలిగిన జాతులు స్పెయిన్ పక్షానికి చేరసాగాయి: కన్యారీలు, చాచపోయాలు, హౌహా లోయలోని హువాంకాలు. కూలీలూ, మొక్కజొన్నలూ, లామా మందలూ, యోధులూ అన్నీ వాళ్లే ఇచ్చారు. నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, హువాంకా పెద్దలు ఏ ఏడు ఎంత ఇచ్చారో ముడులు వేసిన దారాల మీద లెక్క పెట్టుకున్నారు. పాతికేళ్ల తర్వాత ఆ దారాలు పట్టుకుని లిమా న్యాయస్థానంలో చదివించి, మాకు రావాల్సింది ఇప్పించండని రాజుగారికి అర్జీ పెట్టారు. సాయం చేసినవాడు బిల్లు కూడా దాచాడన్నమాట.

మెక్సికోలో మరో స్పెయిన్ సేనాని కోర్టెస్ కథా ఇదే. 1521 ఆగస్టు 13న అజ్టెక్ రాజధాని టెనోచ్టిట్లాన్ పడిపోయిన రోజు దాన్ని చుట్టుముట్టిన సైన్యంలో స్పెయిన్ వాళ్లు వందల్లో ఉంటే, త్లష్కలా మొదలైన మిత్ర రాజ్యాల యోధులు పదుల వేలల్లో ఉన్నారు. లోపల మశూచి. అంతకు ముందు ఏడాదే, కొత్తగా గద్దెనెక్కిన చక్రవర్తి క్విట్లావాక్ ఎనభై రోజులు తిరక్కుండానే దానికి బలయ్యాడు. గుర్రం, ఉక్కు కత్తి పనికిరాలేదని అనను. చౌకులో జనాన్ని తొక్కడానికి గుర్రం పనికొచ్చింది. ఖండాన్ని పట్టి ఉంచడానికి మాత్రం అక్కడి మనుషులే కావలసి వచ్చారు. ఇంకో మాట, అమెరికా అంతా గబుక్కున లొంగిపోయిందనుకోకు. విల్కబాంబా కొండల్లో ఇంకా రాజ్యం 1572 దాకా నిలిచింది.

స్థానికులను కాపాడే చట్టాలు స్పెయిన్ రాజులే చేశారట కదా, మరి అంత ఘోరం ఎలా జరిగింది?

చేశారు. చాలా చేశారు. చట్టాలు రాయడంలో స్పెయిన్‌ను మించిన సామ్రాజ్యం నాకైతే కనబడలేదు. 1511లో హిస్పానియోలా దీవిలో మోంతెసీనోస్ అనే సన్యాసి గుడి వేదిక మీదనుంచి, ముందు వరుసల్లో కూర్చున్న దొరలను పట్టుకుని, వీళ్లు మనుషులు కారా అని నిలదీశాడు. మరుసటి ఏడు బుర్గోస్ చట్టాలు వచ్చాయి. ఆ తర్వాత 1513లో వచ్చిన కాగితం చూడండి. దాని ప్రకారం దాడికి ముందు స్థానికులకు ఒక ప్రకటన చదివి వినిపించాలి: పోపుగారు ఈ నేలను మా రాజుకిచ్చారు, ఒప్పుకుంటే సరి, లేదంటే జరిగే చావులకు పూచీ మీదే. చదివేది వాళ్లకు రాని భాషలో. ఒక్కోసారి ఖాళీ ఊరి ముందు, ఒక్కోసారి ఓడ మీదనుంచి చదివేవారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదని స్థానికుల పక్షాన పోరాడిన సన్యాసి లాస్ కాసస్ అన్నాడు. నేను పాఠం చెప్పే రోజుల్లో దీన్ని చదివితే పిల్లలు ముందు నవ్వేవారు. తర్వాత క్లాసు నిశ్శబ్దమయ్యేది.

లాస్ కాసస్ పోరు ఫలితంగానే 1542లో కొత్త చట్టాలు వచ్చాయి. స్థానికులను దొరలకు పంచిపెట్టే పద్ధతి, దాన్నే ఎంకొమియెండా అంటారు, వారసత్వంగా పిల్లలకు పోకూడదని వాటి సారాంశం. పెరూలో వాటిని అమలు చేయబోయిన మొదటి వైస్రాయి బ్లాస్కో నూనెస్ వేలాను దొరలంతా తిరగబడి 1546లో యుద్ధభూమిలోనే తల నరికారు. మెక్సికో వైస్రాయి తెలివైనవాడు, చట్టాన్ని బీరువాలో పెట్టి ఊరుకున్నాడు. రాజు ముందే ఆ వారసత్వ నిబంధన వెనక్కి తీసుకున్నాడు. అక్కడి అధికారుల్లో ఒక ఆచారం ఉండేది. రాజుగారి ఉత్తర్వు రాగానే ముద్దుపెట్టుకుని నెత్తిన పెట్టుకునేవారు, నేను విధేయుణ్ణి, అమలు మాత్రం చేయను అని రాసి పంపేవారు. రాజద్రోహం కింద లెక్క కాదు, చట్టబద్ధమే. మాడ్రిడ్‌కు ఉత్తరం చేరి జవాబు రావడానికి ఏడాది పట్టే రోజుల్లో ఆ రెండు ముక్కల్లోనే పాలనంతా నడిచింది.

లాస్ కాసస్‌ను మరీ దేవుణ్ణి చేయకండి. స్థానికులను వదిలేసి ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చుకోమని తొలిరోజుల్లో సలహా ఇచ్చినవాడూ ఆయనే. తర్వాత పశ్చాత్తాపపడ్డాడు, నిజమే. అప్పటికి ఓడలు బయలుదేరాయి.

పొటోసీ వెండంతా స్పెయిన్‌కే చేరితే ఆ దేశం దివాలా ఎందుకు తీసింది? ఒకసారి కాదట, చాలాసార్లట! (బ్యాంకులో పనిచేసి రిటైరైన పాఠకుడు)

మీ వృత్తికి తగ్గ ప్రశ్న సార్. రెండో ఫిలిప్ రాజు ఒక్కడే నాలుగుసార్లు అప్పులు ఎగ్గొట్టాడు: 1557, 1560, 1575, 1596. పొటోసీ కొండ దొరికింది 1545లో. అంటే వెండి రావడం, దివాలాలు తీయడం రెండూ ఒకేసారి సాగాయి.

లెక్క ఇలా ఉండేది. గనిలోంచి తీసిన దానిలో ఐదో వంతు రాజుది. ఆ ఐదో వంతు సెవిల్ రేవులో దిగకముందే అప్పులవాళ్ల పేర రాసేసి ఉండేది. అయిదో ఛార్లెస్ పవిత్ర రోమన్ చక్రవర్తి కావడానికి ఓటర్లకు పంచిన డబ్బు జర్మనీలోని ఫుగ్గర్ల అప్పు. తర్వాత జెనోవా షాహుకార్లు వచ్చారు. ఫ్రాన్స్‌తో యుద్ధం, తుర్కులతో యుద్ధం, అన్నింటికన్నా పెద్ద గుంట నెదర్లాండ్స్. అక్కడ ఎనభై ఏళ్లపాటు సైన్యాన్ని మేపారు. 1575లో చెల్లింపులు ఆగిపోయాయి, మరుసటి ఏడు నవంబరులో జీతాల్లేని స్పెయిన్ సిపాయిలే తమ రాజు ఏలుబడిలోని ఆంట్‌వెర్ప్ నగరాన్ని దోచుకున్నారు. యూరప్‌లోకెల్లా పెద్ద వ్యాపార నగరం. దాన్ని సొంత రాజు సైన్యమే కొల్లగొట్టింది. దీనికంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ప్రైవేటు వాళ్ల వాటా సంగతో? అమెరికా వ్యాపారం చట్టప్రకారం సెవిల్ వర్తకులకే దక్కాలి. ఆ వర్తకుల పేరు వెనకాల ఫ్రెంచి, డచ్చి, ఇంగ్లీషు, జెనోవా సరుకులు ఉండేవి. బట్ట రువాన్‌ది, మేకులు లీజ్‌వి, పేరు సెవిల్‌ది. వెండి వచ్చిన ఓడ దిగీ దిగకుండానే ఉత్తరానికి వెళ్లిపోయేది. కాస్టీల్ రైతు చేతిలో పదిహేడో శతాబ్దంలో తిరిగింది రాగి నాణెం. ప్రపంచానికి వెండి పంచిన దేశంలో సామాన్యుడు సంతలో రాగి లెక్కపెట్టుకున్నాడు.

ఇక ఆ కొండ దగ్గరికి వద్దాం, ఎందుకంటే దివాలా కథలో జనం దాన్ని మరిచిపోతారు. సముద్రమట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తున చెట్టు మొలవని చోట పొటోసీ ఊరు. 1570లలో వైస్రాయి ఫ్రాన్సిస్కో డి తొలేదో మీతా అనే నిర్బంధ శ్రమను అక్కడ స్థిరపరిచాడు. చుట్టుపక్కల ప్రాంతాల మగవాళ్లలో ఏడో వంతు ఏటా వంతులవారీగా గనికి రావాలి, సుమారు 13,000 మంది. భార్యాపిల్లలతో, లామాల మీద సామానుతో వారాల తరబడి నడిచి వచ్చేవారు. వెండిని రాయి నుంచి విడదీయడానికి హువాంకవెలికా గనుల నుంచి పాదరసం. అక్కడికీ అలాగే వంతు కూలీలు. పాదరసం పీల్చిన మనిషికి చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. తిరిగి వెళ్లలేక కొందరు, వెళ్లడం ఇష్టంలేక కొందరు ఊళ్లు వదిలి పారిపోయారు. అందుకే ఆ రికార్డుల్లో నూరేళ్లకు మీతా మనుషుల సంఖ్య తగ్గుతూ పోతుంది.

దొంగతనాలూ అక్కడే. 1640లలో పొటోసీ టంకశాలలో నాణేల్లో వెండి తగ్గించి కొట్టారు. యూరప్ వర్తకులు పొటోసీ ముద్ర చూస్తే ఆ నాణెం వద్దన్నారు. బాధ్యుడైన గోమెస్ డి లా రోచాకు 1650లో మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి రాజుగారి సైన్యాలకు సరుకిచ్చేవాళ్లు ఆ నాణెం చూసి ముఖం చిట్లించుకునే స్థితి వచ్చేసింది.

మనీలా కూడా స్పెయిన్ కిందే ఉండేదా? అమెరికా మీదుగానా?

అవును. ఫిలిప్పీన్స్‌ను మాడ్రిడ్ కంటే మెక్సికో నగరమే పాలించిందని చెప్పాలి, 1821లో మెక్సికో చేజారేదాకా. 1565లో ఉర్దనేతా పసిఫిక్ మీద తిరుగుదారి కనిపెట్టాడు, 1571లో లెగాస్పి మనీలాలో పాతుకున్నాడు. ఇక 1815 దాకా ఏటా ఒకటో రెండో ఓడలు అకపుల్కో నుంచి వెండితో వచ్చి, చైనా పట్టు, పింగాణీలతో వెళ్లాయి. వచ్చేటప్పుడు మూడు నెలలు, వెళ్లేటప్పుడు ఐదారు. మింగ్ చైనాలో పన్నులు వెండి రూపంలో కట్టాల్సి రావడంతో అక్కడ దాని విలువ ఎక్కువ. పొటోసీ కొండలో కొంత భాగం ఫూజియన్ రైతు పన్నుగా మారిందన్నమాట.

మనవాళ్లకు ఇంకో ముడి ఉంది. 1762లో మద్రాసు నుంచి బయలుదేరిన బ్రిటిష్ నౌకాదళం, అందులో కంపెనీ సిపాయిలూ ఉన్నారు, మనీలాను పట్టుకుంది. యుద్ధం మొదలైందన్న కబురు కూడా మనీలాకు అందలేదు. అప్పుడు గవర్నరు స్థానంలో ఉన్నది ఆర్చిబిషప్పు. 40 లక్షల డాలర్ల ముడుపు అడిగారు, పూర్తిగా ముట్టలేదు. 1764లో వెళ్లిపోయారు. సిపాయిల్లో కొందరు మాత్రం కైంటా అనే ఊళ్లో స్థిరపడిపోయారు.

మీకు స్పెయిన్ అంటే ద్వేషం. విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు కట్టిన సంగతి ఒక్క మాటైనా రాయలేదు. (తిట్టిన ఉత్తరం ఇదే)

ద్వేషం లేదు, రాయనందుకు కారణం స్థలాభావమే. ఇప్పుడు రాస్తాను. మెక్సికోలో 1539లో ముద్రణాలయం పెట్టారు, లిమాలో సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయం 1551లో. ఉత్తరాన హార్వర్డు పుట్టడానికి ఇంకా ఎనభై ఐదేళ్లుంది.

ఇంకా మీకు తెలిసిందో లేదో, 1803లో స్పెయిన్ ఒక పనిచేసింది. నాకైతే సామ్రాజ్యం మొత్తంలో అంతకంటే గొప్ప పని కనబడదు. మశూచి టీకాను అమెరికాకు పంపాలి, మంచుపెట్టెల్లేవు, టీకా రసం సముద్రం మీద చెడిపోతుంది. డాక్టరు బల్మిస్ 22 మంది అనాథ పిల్లలను ఓడెక్కించాడు. ఇద్దరికి టీకా వేసి, పుండు పండాక దాని రసం మరో ఇద్దరికి, వాళ్లనుంచి ఇంకో ఇద్దరికి, అలా పిల్లల చేతుల మీదే టీకాను అట్లాంటిక్ దాటించారు. వాళ్లను చూసుకున్నది ఇసబెల్ సెండాల్ అనే అనాథాశ్రమ పెద్ద. తర్వాత మెక్సికో నుంచి 26 మంది పిల్లలతో మనీలా కూడా వెళ్లారు. పసివాళ్లను ఎవరు అడిగారు అని మీరు అడిగితే, అది సరైన ప్రశ్నే. పిజారోకు ముందే ఇంకా రాజును చంపిందని అనుకునే రోగాన్నే తరిమేందుకు బయల్దేరిన ఓడది. మీరు కోరిన మంచి మాట రాశాను, వెనక్కి తీసుకోను.

మూడొందల ఏళ్లు నిలిచిన సామ్రాజ్యం అమెరికాలో పదిహేనేళ్లలో ఎలా కూలింది? స్వాతంత్ర్య యుద్ధం నడిపిన బొలివార్ అంత గొప్పవాడా?

గొప్పవాడే, అయితే తలుపు తెరిచింది నెపోలియన్. 1808 మేలో బయోన్‌లో స్పెయిన్ తండ్రీకొడుకుల చేత, నాలుగో ఛార్లెస్, ఏడో ఫెర్డినాండ్ ఇద్దరి చేతా రాజీనామాలు రాయించుకుని తన అన్న జోసెఫ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. అమెరికాలో పుట్టిన తెల్లవాళ్లు, క్రియోలోలు, రాజు లేనప్పుడు అధికారం ప్రజలది కదా అని సభలు పెట్టుకున్నారు. మొదటి సభలన్నీ ఫెర్డినాండ్‌కే విధేయత ప్రమాణం చేశాయి. అది కొందరికి నిజం, కొందరికి ముసుగు. కారాకాస్, బ్యూనస్ ఐరెస్ 1810లోనే ఆ దారి పట్టాయి.

క్రియోలోలు అప్పటిదాకా తిరగబడకపోవడానికి కారణం ప్రేమ కాదు, భయం. 1780లో కుస్కో దగ్గర పాత ఇంకా రాజు తుపాక్ అమారు పేరు పెట్టుకున్న హోసె గాబ్రియేల్ కొండోర్కాంకి తిరగబడ్డాడు. బలవంతపు సరుకుల అమ్మకాలతో జనాన్ని పీడించిన జిల్లా అధికారిని ఉరితీయడంతో మొదలై, ఆండీస్ అంతా మండింది. 1781 మేలో కుస్కో చౌకులో ఆయన కుటుంబాన్ని ఆయన కళ్లముందే చంపి, ఆయన్ను నాలుగు గుర్రాలకు కట్టి లాగించారు. చీలకపోతే తల నరికారు. ఆ మంట చూసిన తెల్ల భూస్వామికి మాడ్రిడ్ ఎంత పీడించినా అదే నయమనిపించింది.

యుద్ధంలో వింతలు ఇంకా చాలా ఉన్నాయి. వెనెజులా మైదానాల్లో నల్ల, మిశ్రమ జాతి గుర్రపు దళాలు 1814లో రాజు పక్షాన పోరాడి బొలివార్‌ను వెళ్లగొట్టాయి, ఎందుకంటే వాళ్లను దున్నించినవాడు క్రియోలో భూస్వామే. హైతీ అధ్యక్షుడు పెతియోన్ ఆయుధాలిచ్చి, బానిసలను విడిపిస్తానన్న మాట పుచ్చుకున్నాక బొలివార్ కథ మలుపు తిరిగింది. 1820 జనవరిలో అమెరికాకు పంపడానికి కాడిజ్ దగ్గర గుమిగూడిన సైన్యమే రియేగో నాయకత్వాన ఎదురుతిరిగి, ఫెర్డినాండ్ చేత ఉదారవాద రాజ్యాంగం ఒప్పించింది. అది విని మెక్సికోలో పూజారులు, పెద్ద భూస్వాములు ఇక స్పెయిన్ వద్దనుకున్నారు. మెక్సికో స్వాతంత్ర్యం చివరికి వచ్చింది అలాంటివాళ్ల చేతిమీదుగానే. పదేళ్లు రాజు తరఫున తిరుగుబాటుదార్లను వేటాడిన ఇటుర్బిదే వాళ్లకు నాయకుడు.

1824 డిసెంబరు 9న పెరూలోని అయకుచో దగ్గర బొలివార్ సేనాని సుక్రే చేతిలో చివరి వైస్రాయి ఓడి ఖైదీ అయ్యాడు. ఆ రాజు సైన్యంలో ఎక్కువమంది సిపాయిలు పెరూ కొండజాతివాళ్లే.

1898లో క్యూబాను అమెరికా విడిపించిందంటారు, నిజమేనా?

మూడేళ్లుగా క్యూబావాళ్లు యుద్ధం చేస్తూ, జనరల్ వెయ్లర్ శిబిరాల్లో ఆకలితో చస్తూ ఉండగా అమెరికా చివరి నెలల్లో దిగింది. హవానా రేవులో మెయిన్ ఓడ పేలి 260 మందికి పైగా చనిపోయారు. అది స్పెయిన్ పని అని పత్రికలు తేల్చేశాయి, 1976లో అమెరికా నౌకాదళ అధికారి రికోవర్ జరిపించిన పరిశీలన లోపలి బొగ్గు గది మంటవైపు చూపింది. సాంతియాగో లొంగిపోయినప్పుడు క్యూబా సేనాని కలిక్స్తో గార్సియాను ఊళ్లోకి రానివ్వలేదు.

మనీలాలో ఇంకో నాటకం. ఆగస్టు 13న స్పెయిన్ గవర్నరు, అమెరికా సేనానులు ముందే మాట్లాడుకుని కాసేపు ఉత్తుత్తి కాల్పులు జరిపి ఊరు అప్పగించారు, ఫిలిపీనో సైన్యం లోపలికి రాకూడదన్నదే షరతు. అంతకు ముందురోజే వాషింగ్టన్‌లో యుద్ధవిరామం అయిపోయింది. అమెరికా నౌకాధిపతి డ్యూయీ తంతి తీగ కోయించాడు కాబట్టి కబురు రాలేదు. డిసెంబరులో పారిస్ ఒప్పందంలో 2 కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ చేతులు మారింది. బల్లకు అటూ ఇటూ ఒక్క ఫిలిపీనో లేడు, ఒక్క క్యూబావాడు లేడు.

ఇంత జరిగినా ఫిలిప్పీన్స్‌లోని బాలెర్ ఊళ్లో చర్చిలో దాక్కున్న యాభైమంది స్పెయిన్ సిపాయిలకు నమ్మకం కుదరలేదు. యుద్ధం అయిపోయిందని లోపలికి విసిరిన పత్రికలు దొంగవనుకున్నారు. 337 రోజులు. చివరికి ఒక పత్రికలో మూలన ఉన్న చిన్న వార్త, తన స్నేహితుడైన ఒక అధికారికి మాలగాకు బదిలీ అయిందన్నది, లెఫ్టినెంటు మార్తిన్ సెరెసో కంట పడింది. ఆ బదిలీ కోరిక తనకు తప్ప బయటివాళ్లకు తెలియదు. 1899 జూన్ 2న బయటికొచ్చారు. వాళ్లను ఖైదీలుగా కాక మిత్రులుగా చూడాలని ఫిలిపీనోల నాయకుడు అగినాల్డో ఉత్తర్వు ఇచ్చాడు.

మరి ఫిలిపీనోలు స్పానిష్ ఎందుకు మాట్లాడరు?

స్పెయిన్ వాళ్లు అక్కడ ఎప్పుడూ పిడికెడే. పల్లెల్లో పాలన సన్యాసులది, వాళ్లు జనానికి స్పానిష్ నేర్పేకంటే తామే తగలోగ్ లాంటి స్థానిక భాషలు నేర్చుకున్నారు. అందరికీ బడులన్న ఉత్తర్వు 1863లో గాని రాలేదు. తర్వాత ముప్పై ఐదేళ్లకే అమెరికా ఇంగ్లీషు దిగింది. ఇంటిపేర్లు మాత్రం మిగిలాయి, 1849లో గవర్నరు క్లవేరియా జాబితా ముద్రించి పంచిన పేర్లు.

ఇప్పుడేమైనా మిగిలిందా?

మొరాకో తీరాన సెవ్టా, మెలిల్లా నగరాలు స్పెయిన్ చేతిలోనే ఉన్నాయి. ఈక్వటోరియల్ గినీ 1968లో స్వతంత్రమైంది. పశ్చిమ సహారా సంగతే తేలలేదు. స్పెయిన్ నియంత ఫ్రాంకో మంచాన పడి ఉండగా 1975 నవంబరులో మాడ్రిడ్ ఒప్పందంతో దాన్ని మొరాకో, మౌరిటానియాల చేతిలో పెట్టి, 1976 ఫిబ్రవరిలో స్పెయిన్ వచ్చేసింది. అక్కడివాళ్లకు ఇస్తామన్న ప్రజాభిప్రాయ సేకరణ జరగనే లేదు. ఐక్యరాజ్యసమితి స్వయంపాలన లేని ప్రాంతాల జాబితాలో ఆ పేరు ఇంకా ఉంది.